పైపు వేసినోళ్ల రికార్డు పదేళ్ల తర్వాత కూడా దొరకాలి

విశాఖకి నీళ్లు తేవడం చిన్న పని కాదండీ. ఏలేశ్వరం దగ్గర ఏలేరు రిజర్వాయర్ నుంచి 150 కిలోమీటర్లకి పైగా కాలువలో రావాలి, అవి చాలక రైవాడ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి నుంచి కూడా తెచ్చుకుంటున్నాం, అంత దూరం నుంచి తెచ్చి ఫిల్టర్ చేసి, కరెంటు ఖర్చు పెట్టి ట్యాంకుకి ఎక్కించిన నీళ్లు చివర్లో మన వీధి రోడ్డు కింద జాయింట్ దగ్గర కారిపోతుంటే కడుపు మండుతుంది. ఆ పైపు ఎవరు వేశారు, ఏ కంపెనీ పైపు, వేసినప్పుడు టెస్ట్ చేశారా లేదా అని అడిగితే వెంటనే చెప్పేవాళ్లు దొరకరు. నా దృష్టిలో అసలు సమస్య అదే.

మన దగ్గర కాంట్రాక్టర్ పనితీరు చూసేది రెండే చోట్ల, టెండర్ అప్పుడు, బిల్లు అప్పుడు. టెండర్‌లో టర్నోవర్ ఎంత, ఇలాంటి పని ఇంతకుముందు చేశాడా అని చూస్తారు. చేశాడా అని చూస్తారు గానీ, చేసిన పని ఇప్పుడెలా ఉందో ఎవరూ చూడరు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో పని విలువ, పూర్తయిన తేదీ ఉంటాయి, ఆ లైన్ తర్వాత ఎన్నిసార్లు పగిలిందో ఉండదు. లేటైతే పెనాల్టీ ఉంది కదా అంటారు, అది టైముకి సంబంధించింది, టైముకి వేసిన నాసిరకం పనికి అది తగలదు. డిఫెక్ట్ లయబిలిటీ, అంటే లోపం బయటపడితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచెయ్యాల్సిన గడువు, కొన్నేళ్లే, పైపేమో కొన్ని దశాబ్దాలు ఉండాల్సిన వస్తువు.

లీకైనప్పుడు ఏం జరుగుతుందో చూడండి. కాంట్రాక్టరేమో పైపు బాలేదు, రబ్బర్ రింగ్ బాలేదు అంటాడు, సప్లయరేమో మా మెటీరియల్‌కి థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ అయ్యింది, మీవాళ్లకి జాయింట్ వెయ్యడం రాలేదు అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉండొచ్చు. డీఐ (డక్టైల్ ఐరన్, ఒక రకం ఇనుము) పైపు ఫ్యాక్టరీలో పాసైపోయినా, సైట్ దగ్గర మే నెల ఎండలో రబ్బర్ రింగులు వారాల తరబడి పడేస్తే అవి పాడవుతాయి, కింద ఇసుక పరవకుండా రాయి మీదే పైపు దించితే బస్సులు తిరిగే రోడ్డు కింద అది ఎన్నాళ్లు ఆగుతుంది? కొండవాలు కాలనీల్లో ఇంకా కష్టం, పైన ఇళ్లకి నీళ్లు ఎక్కాలంటే కింద లైన్‌లో ప్రెషర్ ఎక్కువ ఉంటుంది, బలహీనమైన జాయింట్ ముందు అక్కడే బయటపడుతుంది.

ఈ గొడవ తేలాలంటే సాక్ష్యం ఉండాలి. ఐఎస్ 8329 అనే భారత ప్రమాణం ప్రకారం తయారైన డీఐ పైపు మీద తయారీదారు పేరు, క్లాస్, సంవత్సరం ఉంటాయి. రిపేర్‌కి వెళ్లినోళ్లు ముక్క కోసేసి, కొత్తది బిగించి, పాత ముక్కని తుక్కులో పడేస్తారు, దాంతో సాక్ష్యం కూడా పోయినట్టే. ఆ ముక్కని ఫొటో తీసి, పైన ఉన్న మార్కింగ్ రాసి, లొకేషన్ పెట్టి, పగిలింది పైపా జారింది జాయింటా అని ఒక్క లైన్ రాస్తే చాలు. ఒకే సప్లయర్, ఒకే ఏడాది సరుకు నాలుగు ఏరియాల్లో పగిలితే మెటీరియల్‌ని అనుమానించాలి, ఒకే కాంట్రాక్టర్ వేసిన చోటే నాలుగు కంపెనీల పైపులూ కారుతుంటే పనిని అనుమానించాలి. ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు.

హైడ్రో టెస్ట్, అంటే లైన్‌లో నీళ్లు నింపి ప్రెషర్‌తో లీకులు చూసే పరీక్ష, దాని సంగతి కూడా చెప్పాలి. జాయింట్లు కనబడేలా ఉంచి, గాలి బయటికి పంపి, ప్రెషర్ పెట్టి ఆపి చూడాలి. కానీ సిటీలో ట్రాఫిక్ ఒత్తిడి, తెల్లారేసరికి గొయ్యి పూడ్చెయ్యాలి, అలా పూడ్చేశాక ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) మీటర్లు ఎక్కుతాయి, బిల్లు నడుస్తుంది. టెస్ట్ రిపోర్ట్ లేకుండా ఆ ముక్కకి పూర్తి బిల్లు ఇవ్వకూడదు, దీంట్లో మాత్రం మొహమాటం అస్సలు పనికిరాదు.

లెస్ వేసే పోటీ, అంటే అంచనా కంటే తక్కువ రేటుకి చేస్తామని టెండర్ వెయ్యడం, ఇంకోటి. మన రాష్ట్రంలో అంచనా కంటే 25 శాతం మించి లెస్ వేస్తే ఆ తేడాకి అదనపు గ్యారంటీ కట్టాలనే రూల్ 2003 నుంచీ ఉంది, మంచిదే, కానీ అంతకంటే తక్కువ లెస్‌లో కూడా ఎక్కడో కోత పడుతుంది, ఆ కోత పడేది కంటికి కనబడని ఇసుకలోనూ, లోతులోనూ. 2021 అక్టోబర్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల్లో ఎల్1 (అందరికంటే తక్కువ రేటు) ఒక్కటే కాకుండా క్వాలిటీకి 30 శాతం దాకా వెయిటేజ్ ఇవ్వొచ్చని చెప్పింది. అది కేంద్రం పనులకి పెట్టుకున్నది, అయినా మన నీళ్ల పనుల్లో ఆ మార్కులకి ఆధారం కావాలంటే పాత లీకుల రికార్డే కావాలి, లేకపోతే మళ్లీ సర్టిఫికెట్ల బొత్తే చూసి మార్కులేస్తారు.

అదే సూచనల్లో బిల్లు పెట్టిన 10 పనిదినాల్లో కనీసం 75 శాతం ఇచ్చెయ్యాలని కూడా ఉంది. ఇది కాంట్రాక్టర్ల మీద జాలితో అంటున్నది కాదు. బిల్లు నెలల తరబడి ఆపితే ఆయన వడ్డీకి తెచ్చి లేబర్‌కి ఇస్తాడు, సప్లయర్‌కి బాకీ పడతాడు, అలాంటప్పుడు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) వెళ్లి జాయింట్ మళ్లీ వెయ్యమంటే ఏ మొహంతో గట్టిగా అడుగుతాడు? డబ్బు టైముకి ఇచ్చిన డిపార్ట్‌మెంట్ మాటకే సైట్‌లో విలువ ఉంటుంది. అందుకే కాంట్రాక్టర్ రికార్డు పక్కనే మనం బిల్లు ఎన్ని రోజులకి ఇచ్చామో కూడా రాయాలి, సైట్ అప్పగించడం, రోడ్ కటింగ్ పర్మిషన్ ఎవరి వల్ల లేటైందో కూడా.

ఇదంతా రాసేదెవరంటే, మనుషులు ఉన్నారు. జీవీఎంసీలో (విశాఖ నగర పాలక సంస్థలో) 98 వార్డులు, వార్డు సచివాలయాల్లో నీళ్లు, రోడ్లలాంటి సదుపాయాలు చూసే ఎమెనిటీస్ సెక్రటరీలు 2019 నుంచి ఉన్నారు, లీకు ఫిర్యాదు ఎలాగూ వాళ్ల దగ్గరికే వస్తుంది. వాళ్లు ఫొటోతో ఎక్కించేది, ఏఈ కారణం రాసేది, కాంట్రాక్టర్‌కి, సప్లయర్‌కి తమ వాదన చెప్పుకోడానికి కొన్ని రోజులు టైమిచ్చేది, ఆ తర్వాత జనానికి కనబడేలా వెబ్‌సైట్‌లో పెట్టేది ఒక వరసలో పెట్టాలి. ముందు ఒక్క జోన్‌లో, కొత్తగా వేసే లైన్లతో మొదలుపెట్టినా చాలు, పాత లైన్లు రిపేర్‌కి తవ్వినప్పుడల్లా ఒక్కొక్కటే రికార్డులోకి వస్తాయి.