ముందు ఫొటో తీయండి

ప్రకాశం జిల్లా చందవరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక బౌద్ధ స్తూపం ఉంది. బుద్ధుణ్ని కొలిచే భక్తులను చెక్కిన అక్కడి సున్నపురాయి ఫలకం ఒకటి, న్యూయార్క్ వ్యాపారి చేతుల మీదుగా 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. దాన్ని 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చేశారు. అది మనదేనని తేల్చింది, చందవరంలో ఉండగా తీసిన ఒక ఫొటో. ఆ ఫొటోయే లేకపోతే ఏ వాదనా నిలిచేది కాదు.

అమరావతి స్తూపానికి ఆ అదృష్టం దక్కలేదు. పల్నాటి సున్నపురాయిని కాలిస్తే సున్నం వస్తుంది. స్తూపం ఫలకాలు ఎన్నో అలాగే బట్టీల పాలయ్యాయి. 1816 తర్వాత బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ మనుషులు కొలతలతో సహా బొమ్మలు గీశారు కాబట్టి, పోయిన కొన్ని ఫలకాలైనా మనకు తెలుసు. మిగిలినవి చాలావరకు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక అమరావతి ఫలకానికి రెండు వైపులా చెక్కడాలున్నాయి. ఒక వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ సింహాసనం. క్రీస్తుకు పూర్వపు పని అది. కొన్ని వందల ఏళ్ల తర్వాత శిల్పులు అదే రాయిని తిప్పి, వెనక స్తూపాన్ని చెక్కారు. పాత రాయిని పారేయకుండా మళ్లీ వాడారన్న సంగతి, రాయిని అన్ని వైపులా చూసినవాళ్లకే దొరికింది. శిల్పాన్ని సేకరించడం ఒక ఎత్తు, ఇలా చదవడం ఒక ఎత్తు.

మన ఊళ్లలో రావిచెట్ల కింద, పొలం గట్ల మీద ఎన్ని విగ్రహాలు, వీరుల గుర్తుగా నిలిపిన వీరగల్లులు పడి ఉన్నాయో లెక్కే లేదు. ఒకటి పోతే స్టేషన్‌లో ఫిర్యాదు ‘రాతి విగ్రహం ఒకటి’ అని రాయించాల్సిందే. ఆ ఒక్క మాటతో ఎవరు వెతుకుతారు? ప్రాచీన వస్తువుల నమోదుకు 1972లోనే చట్టం చేశారు. చట్టం ఉన్నా, ఊరి చివరి రాయి దాకా నమోదు పని రాలేదు.

రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు శాఖలూ మండలాల వారీగా ఈ పని మొదలుపెట్టాలి. ప్రతి రాయికీ పక్కన కొలత టేపు పెట్టి నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. రాయి మీద శాసనం ఉంటే కాగితంపై దాని అచ్చు తీయాలి. చరిత్ర చదివే డిగ్రీ విద్యార్థులకు దీన్ని ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. ఒక కాపీ పంచాయతీలో, ఒకటి పోలీసు స్టేషన్‌లో ఉండాలి. మరొకటి ఎవరైనా చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టాలి.