అరకిలో కందిపప్పు, రెండు వాలుగీతలు

మా ఆఫీసులో నాకు కంప్యూటర్లు బాగా తెలుసని పేరు రావడానికి కారణం ఒక స్టేప్లరు పిన్ను. మూడేళ్ల కిందట ప్రింటరు ఆగిపోతే, లోపల ఇరుక్కున్న ఆ పిన్నును పట్టకారుతో బయటికి లాగాను. అంతే. ఆ రోజు నుంచి మానిటరు వెలగకపోయినా, ఫ్యాను తిరక్కపోయినా, క్యాన్‌లోంచి మంచినీళ్లు రాకపోయినా నాకే కబురు.

మాది విజయవాడ గవర్నర్‌పేటలో మేడ మీద ఒక ఆడిటరు గారి ఆఫీసు. మూడు గదులు, ఐదు కంప్యూటర్లు. జూలై వచ్చిందంటే ఆదాయపన్ను రిటర్నుల సీజను. 31 గడువు దగ్గరపడేకొద్దీ క్లయింట్లు ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంటు, ఎల్‌ఐసీ రసీదులు, ఇంటి అప్పు వడ్డీ కాగితం అన్నీ ఒక బట్టల షాపు కవర్లో కుక్కి తెచ్చి, "మీరే చూసుకోండి సార్" అని బల్లమీద కుమ్మరించి పోతారు. ఒకాయన కవర్లో ఒకసారి పెళ్లి శుభలేఖ కూడా వచ్చింది. అది ఏ సెక్షను కిందికి వస్తుందో అని మా జూనియరు అరగంట ఆలోచించాడు.

ఈ కాగితాలన్నీ స్కాన్ చెయ్యడానికి నడవలో ఒక సెకండ్‌హ్యాండ్ జిరాక్సు మెషీను ఉంది. దానిలోంచి కంప్యూటర్లోకి పెన్‌డ్రైవు మీదే రాకపోకలు. ఉన్నది ఒక్క పెన్‌డ్రైవు. పోతుందని దానికి బ్యాంకులో పెన్నుకి కట్టినట్టు పురికొస కట్టి మెషీనుకు ముడేశారు మా అటెండరు బాబాయి. తర్వాత అది కంప్యూటరు దాకా అందదని తెలిసి ముడి ఆయనే విప్పారు. ఆ సాయంత్రమే చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లారు, చొక్కా వాషింగ్‌మెషీన్‌లోకి వెళ్లింది.

మర్నాడు, గురువారం, సార్ నన్ను పిలిచారు. "స్కాన్ కొట్టగానే కాగితం నేరుగా కంప్యూటర్లో ఫోల్డర్‌లో పడాలయ్యా. అందరికీ కనిపించాలి. అవుతుందా?"

"పది నిమిషాలు సార్" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

"అయితే ముందు నా లాప్‌టాప్‌లో చేసి చూపించు" అని ఆయన టీ తాగడానికి కిందికి వెళ్లారు.

హైదరాబాదులో ఉన్న మేనల్లుడికి ఫోన్ చేశాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడు వాళ్ల ఆఫీసు మీటింగులో ఉంటూనే నాకు గుసగుసగా చెప్పాడు. ఫోల్డర్ తయారుచేసి, దాని మీద రైట్‌క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో షేరింగ్ అన్న చోట ఎవ్రీవన్ అని ఇచ్చాను. ఎవ్రీవన్ అంటే అందరూ అనే కదా! మెషీను దగ్గరికి వెళ్లి కొట్టాను. ఎర్రర్.

"సెక్యూరిటీ ట్యాబ్‌లో కూడా ఇచ్చావా మావయ్యా?"

"అదేమిట్రా, ఇంకో చోట కూడా ఇవ్వాలా?"

"వీధి తలుపు తీశావు. వంటింటికి గొళ్లెం ఉంది. రెండూ తియ్యాలి. రెంటిలో ఏది గట్టిగా ఉంటే దాని మాటే చెల్లుతుంది."

గొళ్లెం తీశాను. మళ్లీ ఎర్రర్. ఈసారి పాస్‌వర్డ్ దగ్గర వచ్చింది తంటా. సార్ రోజూ నాలుగంకెల పిన్ను కొట్టి లాప్‌టాప్ తెరుస్తారు. మెషీన్‌లో నేను అదే ఇచ్చాను. పిన్ను ఆ కంప్యూటరు ఎదుట కూర్చున్నవాడికేనట, నెట్‌వర్కు మీద దూరం నుంచి వచ్చేవాడు అసలు పాస్‌వర్డ్ చెప్పాలట. అసలు పాస్‌వర్డ్ ఏమిటి సార్ అని అడిగితే ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. కొన్ననాడు మా బావమరిది పెట్టాడయ్యా, అన్నారు. ఆ బావమరిదితో ఆయనకి నాలుగేళ్లుగా మాటల్లేవు.

అందుకని మేనల్లుడి సలహా మీద "స్కాన్" అనే పేరుతో వేరే యూజరును సృష్టించి దానికో పాస్‌వర్డ్ పెట్టాం. నెట్‌వర్కు పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కు మార్చాం. పబ్లిక్ అని ఉంటే కంప్యూటరు రైల్వేస్టేషన్లో కూర్చున్నట్టు ముడుచుకుని ఎవరినీ దగ్గరికి రానివ్వదట. ప్రైవేట్ అంటేనే తలుపులు తీస్తుందట. నాకైతే పేర్లు తారుమారయ్యాయేమో అనిపించింది.

అయినా పనిచెయ్యలేదు. సార్‌కి లాప్‌టాప్ కావాల్సి వచ్చింది, తీసుకుపోయారు.

శుక్రవారం ముందుగదిలో కంప్యూటరు మీద మొదటినుంచీ మళ్లీ మొదలుపెట్టాను. అదే ఫోల్డరు పేరు, అదే యూజరు, అదే పాస్‌వర్డ్. కొత్తవి పెడితే నాకు గుర్తుండవు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

మెషీన్‌లో అడ్రసు కొట్టడం మరో వ్రతం. మొదట రెండు వాలుగీతలు, తర్వాత నెట్‌వర్కులో ఆ కంప్యూటరుకిచ్చిన అడ్రసు అంకెలు, మళ్లీ ఓ వాలుగీత, ఫోల్డరు పేరు. గీత ఎటు వాలాలన్నదే ప్రశ్న. మెషీను బుల్లి తెర మీద ముందుకు వాలినది వెంటనే దొరుకుతుంది. వెనక్కి వాలినది గుర్తుల్లో మూడో పేజీలో దాక్కుంది. కళ్లజోడు పైకెత్తి నేను వెతుకుతుంటే అటెండరు బాబాయి పక్కన నిలబడి, "మన సార్ కుర్చీలో వాలినట్టుండాలా, బల్లమీద వాలినట్టుండాలా?" అని అడిగారు. అంత స్పష్టంగా మేనల్లుడు కూడా చెప్పలేదు. కుర్చీలో వాలినట్టే ఉండాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా కనెక్షన్ ఎర్రర్. అసలు సంగతి ఆ సాయంత్రం తేలింది. మా మెషీను పాతకాలంది, నెట్‌వర్కు మీద ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ అనే భాషలో మొదటి రకమే మాట్లాడుతోంది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరసు దేశదేశాల్లో కంప్యూటర్లకు తాళాలేసి డబ్బు అడిగినప్పుడు, దూరింది ఆ మొదటి రకంలోని కంతలోంచేనట. ఆ ఏడాది చివరి నుంచి కొత్తగా వేసే విండోస్‌లో దాన్ని మామూలుగా పెట్టడం మానేశారు. అంటే మెషీను పలకరిస్తోంది, కంప్యూటరు మొహం తిప్పుకుంటోంది. సార్‌కీ బావమరిదికీ మధ్య వ్యవహారం లాగే.

"పాతదాన్ని కంప్యూటర్లో ఆన్ చెయ్యమంటావురా?"

"చచ్చినా వద్దు మావయ్యా. మెషీను మెనూలో రెండో రకం ఎక్కడో ఆఫ్‌లో ఉంటుంది, చూడు."

ఉంది. నెట్‌వర్క్ సెటింగుల లోపల, ఇంకా లోపల ఉంది. ఆన్ చేసి, అద్దం మీద చేతికి అందిన కాగితం పెట్టి కొట్టాను. ముందుగది కంప్యూటర్లో టక్కున ఫైలు పడింది. తెరిస్తే పొద్దున మా ఆవిడ రాసిచ్చిన పచారీ సామాను చీటీ. అరకిలో కందిపప్పు, పావుకిలో చింతపండు, 50 గ్రాముల ఇంగువ. జూనియర్లు చప్పట్లు కొట్టారు. బాబాయి నా డబ్బుతో అందరికీ మిర్చిబజ్జీలు తెచ్చారు.

సోమవారం పొద్దున స్కాన్ కొడితే మెషీను "పంపబడింది" అంటుంది. ఫోల్డరు ఖాళీ. మళ్లీ కొడితే మళ్లీ పంపబడింది. ఫోల్డరు బోసిగా వెక్కిరిస్తోంది. ఎర్రర్ వస్తే కనీసం తిట్టుకోవడానికి ఓ కారణం ఉంటుంది. అంతా సవ్యంగా ఉందని చెప్పేవాడిని ఏమని తిడతాం? క్లయింట్ల కాగితాలు నలభై దాకా అలా గాల్లో కలిశాయి. నేను టెస్టుకోసం జేబులోని పచారీ చీటీనే మళ్లీ మళ్లీ పెట్టాను. చీటీ ఇంకా జేబులోనే ఉందంటే సామాను ఇంకా తేలేదని అర్థం, ఆ గొడవ ఇంట్లో వేరే నడుస్తోంది.

మధ్యాహ్నం మేనల్లుడు అడిగాడు. "ఆ కంప్యూటరు అడ్రసు ఇప్పుడెంత?"

చూశాను. చివర 105. మెషీన్‌లో నేను రాసింది 103.

రౌటరు అడ్రసులు శాశ్వతంగా ఇవ్వదట, ఫంక్షన్ హాల్లో కుర్చీల్లాగా. లేచివెళితే ఇంకొకరు కూర్చుంటారు. ఆదివారం అన్నీ ఆపేశాం, పాత లెక్క చెరిగిపోయింది. సోమవారం ముందుగది కంప్యూటరు కన్నా ముందే ఎవరో వచ్చి 103లో కూర్చున్నారు. కూర్చున్నవాళ్ల దగ్గర కూడా అదే ఫోల్డరు, అదే యూజరు, అదే పాస్‌వర్డ్ ఉంటేనే మెషీను "పంపబడింది" అంటుంది.

నా గుండె జారింది. గురువారం లాప్‌టాప్ తిరిగిచ్చేటప్పుడు అందులో నేను పెట్టినవేవీ తియ్యలేదు.

రౌటర్లో ముందుగది కంప్యూటరుకి 103ని రిజర్వు చేశాను. ఏ కంప్యూటరు ముందు లేచినా ఆ కుర్చీ మీద తువ్వాలు వేసి ఉంటుంది. ఇక సార్ చూడకముందే ఆ ఫైళ్లు ఎలా తియ్యాలా అని ఆలోచిస్తుండగానే లోపల్నుంచి బెల్లు మోగింది.

వెళ్లాను. క్లయింట్ల కాగితాలన్నీ ఆయన అప్పటికే ఎవరివి వాళ్లకి సర్దేశారు. ముందు బల్లమీద మాత్రం పదిహేడు ప్రింటవుట్లున్నాయి. పదిహేడూ ఒకటే చీటీ. మా మెషీను లోపల గడియారం బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది, రాత్రి బాబాయి స్విచ్ ఆపితే పొద్దున దానికి మళ్లీ 2011 జనవరి 1. ఆ తేదీయే ఫైలు పేరులోకి ఎక్కుతుంది.

సార్ ఆకుపచ్చ పెన్ను మూత తీశారు. కందిపప్పు పక్కన ఒక టిక్కు, చింతపండు పక్కన ఒక టిక్కు. ఇంగువ దగ్గర ఆగారు.

"దీనికి వోచరు లేదు. ఒకే ఖర్చు పదిహేడుసార్లు రాశారు. పైగా ఇది 2010-11 నాటిది, ఈ ఏడాది లెక్కలోకి తీసుకోం" అన్నారు. "ఏ క్లయింటుదయ్యా ఇది?"