ర్యామ్ స్లాట్ లేని ల్యాప్‌టాప్ మన ఊళ్లకు నష్టమే

గత నెల మా మేనకోడలి ల్యాప్‌టాప్ పట్టుకుని నల్గొండ గడియారం సెంటర్ దగ్గర రిపేర్ షాపుకు వెళ్లాను. కొని మూడేళ్లే. ర్యామ్ 4 జీబీ. ఇంకో 4 జీబీ వేయిస్తే ఇంజనీరింగ్ అయ్యేదాకా నడుస్తుందనుకున్నాం. షాపు అబ్బాయి మూత విప్పి చూశాడు. "ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసిండ్రన్నా. స్లాట్ లేదు, పెంచరాదు" అన్నాడు.

2012లో కొన్న నా డెస్క్‌టాప్‌కు అదే షాపులో ర్యామ్, పవర్ సప్లై, ఎస్‌ఎస్‌డీ అన్నీ ఒక్కొక్కటిగా మార్పించాను. ఒక్కోటి ఒక్కో కంపెనీది. అయినా కలిసి పనిచేస్తున్నాయి.

ఈ వెసులుబాటు ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. 1981లో ఐబీఎం కంపెనీ తన పీసీని తొందరగా తేవాలని బయట దొరికే భాగాలే వాడింది. ప్రాసెసర్ ఇంటెల్‌ది, కంప్యూటర్‌ను నడిపే డాస్ సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్‌ది. సర్క్యూట్ వివరాలతో పాటు, ఆన్ చేయగానే మొదట నడిచే బయోస్ అనే ప్రోగ్రామ్ కోడ్‌నూ మాన్యువల్‌లో అచ్చువేసింది. కోడ్‌కు కాపీరైట్ ఉంది కాబట్టి పోటీ కంపెనీ కాంపాక్ దాన్ని ఎత్తి రాయలేదు. బయోస్ ఏమేం చేస్తుందో కొందరు రాసిపెడితే, అసలు కోడ్ చూడని వేరేవాళ్లు కొత్తగా రాశారు. అక్కడి నుంచి పీసీ అందరిదీ అయింది. 1987లో ఐబీఎం తన కొత్త పీఎస్/2 కంప్యూటర్లలో మైక్రోఛానెల్ అనే సొంత బస్ (అదనపు కార్డులను కంప్యూటర్‌కు కలిపే దారి) పెట్టి, వాడుకునే కంపెనీలను లైసెన్స్ ఫీజు అడిగింది. మరుసటి ఏడాదే కాంపాక్‌తో కలిపి 9 కంపెనీలు దానికి పోటీగా ఈసా అనే బస్‌ను ప్రకటించాయి. పాత కార్డులు కూడా అందులో పట్టేవి. మైక్రోఛానెల్ నిలబడలేదు.

భాగాలు మార్చరాని మూసిన డిజైన్‌కు లాభం ఉంది, కాదనను. 2020లో వచ్చిన ఆపిల్ ఎం1 చిప్‌లో ప్రాసెసర్, మెమరీ ఒకే ప్యాకేజీలో ఉంటాయి. వేగం, బ్యాటరీ రెండూ బాగుంటాయి. కానీ మా పిల్ల కొన్న చవక ల్యాప్‌టాప్‌లో ఆ లాభం ఏదీ లేదు, స్లాట్ మాత్రం పోయింది. సన్నగా ఉండాలంటే సోల్డర్ తప్పదన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. తక్కువ కరెంటు తీసుకునే మెమరీని స్క్రూలతో బిగించే ఎల్‌పీక్యామ్2 మాడ్యూల్‌తో 2024లోనే ల్యాప్‌టాప్ వచ్చింది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కావచ్చు. మిర్యాలగూడ, దేవరకొండ, నాగర్‌కర్నూల్ పిల్లలకు కాదు. బోర్డు మార్చాలంటే ఒక రోజు, బస్సు చార్జీలు, పైగా సగం ల్యాప్‌టాప్ ధర. ఊళ్లోని మెకానిక్‌కు పనీ పోతుంది.

ఎలక్ట్రానిక్ వస్తువులకు రిపేరబిలిటీ ఇండెక్స్ (రిపేర్ ఎంత సులువో చెప్పే మార్కు) ఉండాలని కేంద్ర వినియోగదారుల శాఖ కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. ల్యాప్‌టాప్‌లకూ అది రావాలి. ర్యామ్ పెంచుకోవచ్చా లేదా అన్నది డబ్బా మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. కొనేముందు మాకు ఆ ఒక్క ముక్క తెలిసుంటే వేరేది కొనేవాళ్లం.