ల్యాప్‌టాప్ సెల్స్‌తో ఆ విమానం లేవదు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. ఆఫీసు గ్రూపులో ఒకసారి, కాలేజీ గ్రూపులో రెండుసార్లు, నిన్న పొద్దున్న స్వయానా మా బావమరిది దగ్గర్నుంచి. "అటక మీద పాత రిమోట్ విమానం ఉందా? ఒక్క ఆదివారంలో, 1500 రూపాయల్లో ఎలక్ట్రిక్ చేసేయండి" అని మొదలై, చివర "తెలిసినవాళ్లందరికీ పంపండి" అని ముగుస్తుంది. అందరూ పంపుతున్నారు. అందులో ఒక్కరైనా చేసి చూశారా? విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద గదిలో నలభై సైజు ట్రైనర్‌ని (కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎగరేసే, 0.40 ఘనపుటంగుళాల ఇంజిన్ ఉండే విమానం) నాలుగు నెలలు కూర్చుని బాగుచేశాను నేను. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

చిన్నవి ముందు తేల్చేస్తాను. "పెట్రోల్ ఇంజిన్ తీసేయండి" అట. అది పెట్రోలుతో నడిచేది కాదు, గ్లో ఇంజిన్. మిథనాల్, నూనె, కాస్త నైట్రోమీథేన్ తాగుతుంది. "ప్రొపెల్లర్ బ్యాలెన్స్ చూడక్కర్లేదు." చూడాలి. "పాత రిసీవర్ పనికొస్తుంది." దాని బ్యాటరీ తీగ తొడుగు ఒక అంగుళం ఒలిచి చూడండి. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీ కారితే లోపలి రాగి నల్లబడిపోతుంది, దానికి సోల్డర్ కూడా పట్టదు. కొత్తగా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సెట్టు కొనుక్కోండి. "బ్యాటరీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టండి." ఇంజిన్, సైలెన్సర్ తీశాక ముక్కు తేలికైపోతుంది కాబట్టి బ్యాటరీ వీలైనంత ముందుకే పోవాలి. రెక్క ముందంచు నుంచి వెడల్పులో 25–30 శాతం దగ్గర రెండు వేళ్లు పెట్టి ఎత్తితే విమానం వాలకుండా నిలవాలి. తోక కిందికి వాలితే ఎగరేయకండి, అంతే.

"బాల్సా (విమానం కట్టే తేలిక కర్ర) చెడిపోదు, మోటార్ బిగించేయండి" అన్నది మాత్రం అంత తేలిగ్గా వదిలేది కాదు. గ్లో ఇంధనంలో కలిపే నూనెలో తరచు ఆముదం ఉంటుంది. ఏళ్ల తరబడి అది ఇంజిన్ వెనక, దాన్ని బిగించే ప్లైవుడ్ పలక ఫైర్‌వాల్‌లోకి, ట్యాంకు గదిలోకి ఇంకిపోతుంది. ఆముదం తాగిన కర్రకి ఎపాక్సీ జిగురు అంటదు. నా ట్రైనర్ ఫైర్‌వాల్ పైకి బాగానే కనిపించింది. హీట్ గన్ పెట్టగానే ప్లైవుడ్‌కి చెమట పట్టినట్టు గోధుమరంగు చుక్కలు పైకి తేలాయి. మొక్కజొన్న పిండిని అసిటోన్‌తో కలిపి పట్టించి, ఆరాక దులిపి, మళ్లీ పట్టించాను. ఆరోసారికి గాని పిండి తెల్లగా రాలలేదు. అంతా అయ్యాక ఫైర్‌వాల్‌ని బొటనవేలితో నొక్కితే కదిలింది. పాత జిగురు ఎప్పుడో వదిలేసింది. ఆ స్థితిలో మోటార్ బిగించి ఫుల్ థ్రాటిల్ ఇస్తే, మోటార్ ఒక్కటే ముందుకు పోయేది. పాతది పీకి 6 మిల్లీమీటర్ల కొత్త ప్లైవుడ్ వేశాను. దానికే రెండు ఆదివారాలు పట్టింది.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన పాయింటుకి వస్తాను. "పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పగలగొట్టి, నాలుగు సెల్స్ తీసి, టేపు చుట్టి వాడండి. మొబైల్ చార్జర్‌తో ఒక్కొక్కటీ చార్జ్ చేసుకోండి."

లెక్క వేద్దాం. నా విమానం బరువు 2.3 కిలోలు. ఇలాంటి విమానం హాయిగా ఎగరాలంటే కిలోకి సుమారు 220 వాట్లు కావాలని మోడలర్లందరూ అనుకునే మాట. అంటే 500 వాట్ల పైమాటే. నాలుగు సెల్స్ వరసగా కలిపితే 14.8 వోల్టులు. ఆ లెక్కన 34 ఆంపియర్లు లాగాలి. 2200 మిల్లీ ఆంపియర్ అవర్ ల్యాప్‌టాప్ సెల్, కొత్తదైనా, నిలకడగా ఇవ్వగలిగింది నాలుగైదు ఆంపియర్లు. 34 కావాలంటే ఎనిమిది వరసలు, మొత్తం 32 సెల్స్. ఒక్కోటి 45 గ్రాములు, వెరసి 1440 గ్రాములు. అదే పని చేసే 4000 మిల్లీ ఆంపియర్ అవర్ లైపో (లిథియం పాలిమర్) ప్యాక్ 400 గ్రాముల దగ్గర ఉంటుంది. నాలుగే సెల్స్ పెట్టి థ్రాటిల్ లేపితే వోల్టేజీ కూలిపోతుంది, మోటార్ వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ దాన్ని ఆపేస్తుంది. రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లకి, అంటే సర్వోలకి కూడా కరెంటు అదే బ్యాటరీ నుంచి వస్తోందని గుర్తుంచుకోండి. వోల్టేజీ మరీ పడిపోతే రిసీవర్ కూడా ఆగిపోతుంది. గాల్లో రెండు కిలోల కర్ర, దాన్ని ఆపే మనిషి లేడు.

ఎగరకపోవడం చిన్న సంగతి. ఇంట్లో నిప్పు అంటుకోవడం పెద్దది. మనం ఫోన్ చార్జర్ అని పిలిచేది అసలు చార్జరే కాదు, 5 వోల్టులు ఇచ్చే సరఫరా. ఎంత ఎక్కించాలో, ఎప్పుడు ఆపాలో చూసుకునే సర్క్యూటు ఫోన్‌లో ఉంటుంది. ఆ తీగ కోసి సెల్‌కి నేరుగా తగిలిస్తే 4.2 వోల్టుల దగ్గర ఆపేవాడు ఎవడూ లేడు. పైగా ఏళ్ల తరబడి అల్మారాలో పడున్న సెల్ 2 వోల్టుల కిందికి దిగిపోయి ఉంటే, లోపలి రాగి రేకు సెల్ ద్రవంలోకి కరిగి ఉండొచ్చు. మళ్లీ చార్జ్ పెట్టినప్పుడు లోపలే షార్ట్ కావచ్చు. ఇది పిల్లలున్న ఇంట్లో పెట్టుకోమని చెప్పే సలహానా? రాసినవాడు తన మంచం పక్కన పెట్టుకుని పడుకుంటాడా? ప్రతి సెల్‌నీ విడిగా చూసుకునే బ్యాలెన్స్ చార్జర్ కొనాలి, మనం దగ్గరుండి చార్జ్ చేయాలి, వాడనప్పుడు సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర దాచాలి. మంచి చార్జర్ ఒక్కటే ఆ 1500 తినేస్తుంది. అయితే తిననీ.

"ఇంజిన్ లేదు కాబట్టి పిల్లలు కూడా ముట్టుకోవచ్చు." వద్దు. గ్లో ఇంజిన్‌కి ఏదైనా అడ్డుపడితే ఒక్కోసారి ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ మోటార్ ఇంకాస్త కరెంటు లాగి తిరగడానికే చూస్తుంది. ప్రొపెల్లర్ తీయకుండా ఈఎస్‌సీ సెట్ చేసిన రోజున నా విమానం బల్ల మీంచి దూకి కర్టెన్‌ని చీల్చేసింది. అక్కడ కర్టెన్ బదులు మా పాప నిలబడి ఉండొచ్చు. ఆ రోజు నుంచి ప్రొపెల్లర్ బిగించేది మైదానంలోనే.

"ఇది డ్రోన్ కాదు, రూల్స్ లేవు, ఆర్కే బీచ్‌లో ఎగరేయండి." 2021 డ్రోన్ నిబంధనల్లో 25 కిలోల లోపు మోడల్ విమానాల ప్రస్తావన ఉంది. కొన్ని మినహాయింపులు ఇచ్చారు గాని ఆకాశాన్ని రాసివ్వలేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు ఎగరేయాలంటే అనుమతి కావాలి. మన ఊళ్లోనేమో నౌకాదళం వారి విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది, ఊరంతా తూర్పు నౌకాదళం. ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా ఎక్కడా లేపకండి. ఇక సాయంత్రం ఆ బీచ్‌లో ఎంత జనమో మీకు నేను చెప్పాలా? ఇసుక సంగతి కూడా వినండి. మన తీరం ఇసుకలో ఇనుము ఉన్న నల్లటి ఖనిజ రేణువులు ఉంటాయి, అయస్కాంతం ఈడిస్తే మీసాల్లా అంటుకుంటాయి. మనం బిగించే బ్రష్‌లెస్ ఎలక్ట్రిక్ మోటార్ నిండా అయస్కాంతాలే.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. "పుష్‌రాడ్‌లకి (సర్వో నుంచి పలకల్ని లాగే తీగలకి) సైకిల్ చువ్వలు వాడండి" అన్నది చదివి మొదట విసుక్కున్నాను. తర్వాత నా విమానం తీగలు చూస్తే ఉప్పుగాలికి తుప్పు పట్టి గరగరలాడుతున్నాయి. స్టెయిన్‌లెస్ చువ్వలు తెచ్చి వేశాను. నిటారుగా, గట్టిగా, సరిగ్గా 2 మిల్లీమీటర్ల మందం.  ఆ మాట రాసినవాడికి విమానాలు తెలుసు. మరి బ్యాటరీ గురించి అలా ఎందుకు రాశాడో నాకు అర్థం కాదు.

నిన్న మెసేజ్ చూడగానే బావమరిదికి ఫోన్ చేశాను. వాళ్లబ్బాయి అందుకుని, "మావయ్యా, స్క్రూడ్రైవర్‌తో పొడిచి అప్పుడే నాలుగు సెల్స్ తీసేశా" అన్నాడు. ఉన్నపళంగా గాజువాక వెళ్లాను. వాటిని మేడ మీద ఇసుక బకెట్‌లో పెట్టించే ముందు మీటర్ పెట్టి చూశాను. ఒకదానికి పక్కన సొట్ట పడింది. అదే 1.2 వోల్టులు చూపించింది. రాత్రికి ముందుగా దాన్నే ఫోన్ చార్జర్‌కి తగిలిద్దామనుకున్నాడట.