ఆగస్టు నెల లెక్కలోకి రాదట

ఈ ఉదయం ఆఫీసు మీటింగులో ఉండగా సర్జన్ గారి క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. డిసెంబరు 9న జరగవలసిన నా స్లీవ్ సర్జరీకి (బరువు తగ్గడానికి జీర్ణాశయంలో పెద్ద భాగాన్ని తీసేసే ఆపరేషన్) ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి నిరాకరించిందని, ఆగస్టు నెల విజిట్ నోటులో బరువు నమోదు కాకపోవడమే కారణమని అక్కడి అమ్మాయి ఎంతో మొహమాటపడుతూ చెప్పింది. ఆ నోటులో రక్తపోటు ఉంది, ఏమి తింటున్నానో ఉంది, వారానికి ఎన్ని రోజులు నడుస్తున్నానో ఉంది, డాక్టరు సంతకమూ ఉంది. బరువు రాయవలసిన గడి ఒక్కటే ఖాళీగా ఉంది. వరుసగా ఆరు నెలలు డాక్టరు పర్యవేక్షణలో డైట్ చేయాలన్నది వాళ్ళ నిబంధన కనుక, ఆగస్టు పోయిందంటే దాని ముందున్న మే, జూన్, జూలై కూడా పోయినట్టే. సెప్టెంబరే ఇప్పుడు మొదటి నెల. ఫిబ్రవరి వరకు ఆగమంటున్నారు.

ఆరు నెలల డైట్ అంటే ఏమిటో చేసినవాళ్ళకు తెలుస్తుంది. నా ఎత్తు 158 సెంటీమీటర్లు, మేలో నా బరువు 201 పౌండ్లు, అంటే 91 కిలోలు. ఎత్తుకు బరువు ఎంత ఎక్కువో చెప్పే అంకె, బీఎంఐ, 36 దాటింది. ఎనిమిదేళ్ళుగా షుగర్ ఉంది, రాత్రి నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీపాప్ మాస్కు లేకుండా నిద్రపోలేను. డైటీషియన్ రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ తినమన్నారు. మాంసం ముట్టని ఇంట్లో ఆ అంకె చేరడం ఎంత కష్టమో లెక్క వేసి చూడండి. 40 గ్రాముల కందిపప్పు వండుకుంటే వచ్చేది సుమారు 9 గ్రాములే. వంటింట్లో చిన్న కాటా పెట్టుకుని పప్పు, పనీరు, పెరుగు తూచి తిన్నాను. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్న అరగంట వరకూ తాగకూడదు అన్న నియమాన్ని సర్జరీ తర్వాత పనికొస్తుందని ఇప్పటినుంచే అలవాటు చేసుకున్నాను. పిల్లవాడి పుట్టినరోజున కేకు కోసి అందరికీ పంచి, నేను మాత్రం ప్రొటీన్ షేక్ తాగాను. పెసరట్టు, గోంగూర పప్పు, ఉలవచారు అంటే ఏమిటో తెలియని డైటీషియన్‌కు ఒక్కొక్కటీ ఏ పప్పుతో, ఎంత నూనెతో చేస్తామో విడమరిచి చెప్పి నోటుబుక్కు నింపాను. ఇదంతా ఇష్టంగానే చేశాను. నా ఫిర్యాదు డైట్ మీద కాదు.

నాలుగు నెలలు ఆగితే ఏమవుతుందిలే అని మా ఆడపడుచు అన్నది. జనవరి 1న డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలుపెట్టేముందు ఏటా మనం సొంతంగా కట్టవలసిన మొత్తం, మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఎండోస్కోపీకి, నిద్ర పరీక్షకు, రక్త పరీక్షలకు ఈ సంవత్సరమంతా నేను కట్టుకుంటూ వచ్చిన డబ్బంతా ఈ డిసెంబరులో సర్జరీ జరిగితేనే అక్కరకొస్తుంది. ఫిబ్రవరిలో అయితే వేల డాలర్లు మళ్ళీ నా చేతినుంచి పడతాయి. పైగా మానసిక నిపుణురాలు ఇచ్చిన నివేదికకు గడువు తీరిపోతుంది కాబట్టి అదీ మళ్ళీ చేయించాలట. ఒక క్లినిక్‌లో ఎవరో ఒక అంకె టైపు చేయడం మరచిపోయినందుకు ఇంత భారం రోగి మీద పడుతుందని ఆ నిబంధన రాసినవాళ్ళకు తెలియదా?

వైద్యపరంగా ఈ ఆరు నెలల షరతుకు ఆధారం లేదన్న మాట నేను కోపంతో అంటున్నది కాదు. అమెరికాలో ఈ సర్జరీలు చేసే వైద్యుల సంఘమే 2016లో ఇన్సూరెన్స్ కంపెనీలు విధించే ఇటువంటి డైట్ షరతు వివక్షతో కూడినదని, శాస్త్రీయ ఆధారం లేనిదని, దీనిని మానుకోవాలని స్పష్టంగా ప్రకటించింది. సర్జరీకి ముందు కాలేయం కుదించుకునేందుకు సర్జన్ గారు రెండు వారాలు పెట్టే డైట్ వేరు, దానికి అర్థం ఉంది, దానిని నేను నూటికి నూరుపాళ్ళు పాటిస్తాను. రెండేళ్ళ క్రితం ఇదే ఇన్సూరెన్స్ కార్డు మీద నాకు పిత్తాశయం తీసేశారు. రాళ్ళున్నాయని స్కానింగులో కనిపించగానే రెండు రోజుల్లో అనుమతి వచ్చింది. నూనె మాని ఎన్ని నెలలయింది, రుజువేది అని అప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. లావుగా ఉన్న మనిషి తన లావు గురించి వైద్యం అడిగినప్పుడే ఈ నిజాయితీ పరీక్షలన్నీ మొదలవుతాయి.

అసలు నన్ను ఏళ్ళ తరబడి తొలిచేస్తున్నది మరొకటి ఉంది. ఈ సర్జరీకి బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి దానితోపాటు జబ్బు ఉండాలి అన్న కొలత 1991 నాటిది. 2022లో ఆ అమెరికా వైద్యుల సంఘం, ఇవే సర్జరీలు చేసే వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య కలిసి దానిని మార్చాయి. జబ్బు లేకపోయినా 35 చాలన్నాయి, ఆసియా వాళ్ళకు 27.5 నుంచే సర్జరీ సూచించవచ్చన్నాయి. మన శరీరాల్లో తక్కువ బరువుకే షుగర్ వస్తుందని మన ఇళ్ళల్లో ఎవరిని అడిగినా చెబుతారు. బీఎంఐ 29 ఉన్నప్పుడే నాకు షుగర్ బయటపడింది. అప్పుడు నాకు ఏ దారీ చూపలేదు. అన్నం తగ్గించండి అన్నారు, అంతే.

హైదరాబాదులో మా అన్నయ్యకూ ఇదే గోడ అడ్డుపడింది. భారత బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అక్కడా బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండె జబ్బు, తీవ్రమైన నిద్ర శ్వాస సమస్య, అదుపులో లేని టైప్ 2 షుగర్ వంటివి ఉండాలి, అదీ తేలికపాటి పద్ధతులు విఫలమైన తర్వాత. అన్నయ్య బీఎంఐ 33. తీసుకునే ఇన్సులిన్ రోజుకు మూడుసార్లు. విఫలం అన్న ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోతుంది. ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను విజయవాడలో తెల్లవారుజామున జిమ్‌కు వెళ్ళినది, కాన్పు తర్వాత ఏడాది పాటు రాత్రిపూట అన్నం మానేసినది, తగ్గిన పదకొండు కిలోలు పద్ధెనిమిదై తిరిగొచ్చినది, ఇదంతా మా అమ్మ కళ్ళతో చూసింది. కానీ ఏ డాక్టరూ నోటులో రాయలేదు కనుక జరగనట్టే.

సర్జన్ గారు ఇన్సూరెన్స్ వైద్యుడితో నేరుగా మాట్లాడతానన్నారు. అప్పీలుకు 180 రోజుల గడువు ఉంది, అదీ కాదంటే కంపెనీతో సంబంధం లేని బయటివాళ్ళ సమీక్షకు వెళ్ళే హక్కు ఉంది. రెండూ వాడుకుంటాను. ఇక్కడ ఇదే దారిలో ఉన్నవాళ్ళు ప్రతి నెలా క్లినిక్ నుంచి బయటికి వచ్చేముందే నోటు కాపీ అడిగి, బరువు, ఆహారం, వ్యాయామం మూడూ ఉన్నాయో లేదో దయచేసి చూసుకోండి.

ఇందాక రాత్రి అమ్మకు ఫోన్ చేస్తే, "నువ్వు నెలనెలా పంపిన ఫోటోలు ఉన్నాయి కదమ్మా" అంది. ప్రతి విజిట్‌లోనూ చెప్పులు విప్పి కాటా ఎక్కగానే నర్సును అడిగి ఆ అంకెను ఫోటో తీసి అమ్మకు వాట్సాప్‌లో పంపేదాన్ని. వెతికితే దొరికింది. ఆగస్టు 14, ఉదయం 9 గంటల 12 నిమిషాలు, క్లినిక్ కాటా, నా పాదాలు, 194.8 పౌండ్లు. కింద అమ్మ పెట్టిన దండం గుర్తు కూడా ఉంది. అప్పీలు ఉత్తరానికి మొట్టమొదట జతచేస్తున్నది ఆ ఫోటోనే.