మా నాన్న కోపం ఆయన బుద్ధి కాదు

మా నాన్న ఎవరినీ పల్లెత్తు మాట అనే మనిషి కాదు. మూడేళ్ళ కిందట బండి మీద నుంచి పడ్డారు. నుదుటికి దెబ్బ. కుట్లు పడ్డాయి, గాయం మానింది, హమ్మయ్య అనుకున్నాం. రెండు నెలలు తిరక్కుండానే, అమ్మ టీవీ సౌండ్ పెంచిందని చేతిలో ఉన్న గాజు గ్లాసు గోడకేసి కొట్టారు. కాసేపటికి ఆయనే కింద కూర్చుని, వణికే చేతులతో పెంకులు ఏరుతూ ‘ఎందుకు కొట్టానో తెలీట్లేదురా’ అన్నారు.

‘ఇన్నాళ్ళూ దాచుకున్న బుద్ధి బయటపడింది’ అని చుట్టాలు తేల్చేశారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ మంటే.

మెదడు లోపల బాదం గింజంత ఉండే అమిగ్డాలా ముప్పును పసిగడుతుంది. హైపోథాలమస్ అనే ఇంకో భాగం ఒంటిని కొట్లాటకు సిద్ధం చేస్తుంది. 1949లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త వాల్టర్ హెస్, పిల్లి హైపోథాలమస్‌లో ఒకచోట సన్నటి తీగతో కరెంటు ఇస్తే, మామూలుగా ఉన్న పిల్లి బుస్సుమంటూ మీదికొచ్చేది. ‘ఆగు, టీవీ సౌండేగా’ అని సర్దిచెప్పి కోపానికి బ్రేకు వేసేది నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ లోబ్ అనే మెదడు భాగం. నాన్నకు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే.

అలాగని ప్రతి దౌర్జన్యాన్నీ మెదడు మీదకు నెట్టేస్తే ఒప్పుకోను. 1966లో టెక్సాస్ యూనివర్సిటీ టవర్ ఎక్కి కాల్పులు జరిపిన చార్లెస్ విట్‌మన్, చనిపోయాక తనకు పోస్ట్‌మార్టం చేసి చూడమని ముందే రాసిపెట్టాడు. చూస్తే మెదడులో కణితి ఉంది. అయినా దానివల్లే చేశాడని విచారణ కమిషన్ తేల్చలేదు, ప్రభావం ఉండొచ్చని మాత్రమే అంది. ఇక బాస్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఇంటికొచ్చి భార్య మీద చెయ్యెత్తేవాడి సంగతంటారా, వాడి బ్రేకు బాగానే పనిచేస్తోంది. ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ వదిలెయ్యాలో వాడికి తెలుసు.

నేను చెప్పేది ఉన్నట్టుండి మారిపోయిన మనిషి గురించి. తలకు దెబ్బ తగిలాకో, పక్షవాతం వచ్చాకో, ఏ కారణమూ కనబడకుండానో స్వభావం తలకిందులైతే న్యూరాలజిస్టుకు చూపించండి. బుద్ధి గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. మేం వెళ్ళేసరికి ఐదు నెలలు పట్టింది. మందులతో, ఇంట్లో సందడి తగ్గించడంతో నాన్న చాలావరకు కుదుటపడ్డారు. డిశ్చార్జి రోజు కుట్లు తడపొద్దని అన్నిసార్లు చెప్పినవాళ్ళు ఈ ఒక్క ముక్కా చెప్పి ఉంటే, ఆ ఐదు నెలలూ నేను ఆయనతో మాట్లాడకుండా ఉండేవాణ్ణి కాదు.