బారు సిద్ధం, ఐసు లేదు

ఈమధ్య కొత్త ఫ్లాటు చూడ్డానికి వెళ్తే పూజ గది తర్వాత చూపించేది బార్ యూనిట్టే. ఈశాన్యంలో దేవుడు, నైరుతిలో జానీ వాకర్. ఇద్దరి వెనకా ఒకే ఇంటీరియర్ వాడు బిగించిన ఎల్‌ఈడీ స్ట్రిప్పే. కాకపోతే రెండోదానికి రిమోటు, పదహారు రంగులు. వెనక అద్దం, పైన తలకిందులుగా వేలాడే గ్లాసులు, పక్కన పన్నెండు వస్తువుల కాక్‌టెయిల్ సెట్టు. అతిథి సత్కారానికి ఇంత చేసిన గృహస్థును తప్పుపట్టే ధైర్యం ఎవరికుంటుంది?

ఎనిమిదిమంది చేరాక అందులో ఒకాయన అమాయకంగా "ఐసుందా?" అంటాడు.

అక్కడితో వైభవం ఆగిపోతుంది. ఇంటాయన వంటింట్లోకి పరిగెడతాడు. ఫ్రీజర్లో ఉన్నది ఒకే ఒక్క ట్రే, పద్నాలుగు గళ్లు. నాలుగు ఖాళీ, పోయినవారం పిల్లాడి మోకాలు వాస్తే వాడేశారు. ట్రే అడుగున గడ్డకట్టి అతుక్కుపోయింది. చాకు వస్తుంది. అట్లకాడ వస్తుంది. హాల్లోంచి ఒక బావగారు సలహాతో సహా వస్తారు. ఆఖరికి కుళాయి కింద పెడితే ట్రే వదులుతుంది, ఐసులో సగం సింకులోకి పోతుంది. దక్కిన అయిదారు ముక్కలను వేళ్లతోనే, ప్రసాదంలా, తలా ఒకటి. గ్లాసులో పడ్డాక తెలుస్తుంది, ఫ్రీజర్లో ట్రే పక్కనే ఎండు రొయ్యల డబ్బా ఉందని. స్కాట్లండులో ఐలా దీవి మాల్టు విస్కీకి సముద్రపు వాసన ఉంటుందని ఎక్కడో విన్నవాళ్లు, ఇది అదే కాబోలని గంభీరంగా తలాడిస్తారు.

లెక్క పెద్ద కష్టమేం కాదు. ఎనిమిదిమందిలో తాగేది ఆరుగురు, తలా మూడు లార్జ్ పెగ్గులు అనుకుంటే పద్దెనిమిది అరవైలు, అంటే 1080 మిల్లీలీటర్లు. 750 మిల్లీలీటర్ల ఫుల్ బాటిళ్లు రెండు తెస్తే ఇంకా మిగులుతుంది. సోడా మూడు లీటర్లు, అదీ 300 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో. రెండు లీటర్ల సీసా రెండో రౌండుకే గ్యాసు పోయి చప్పబడుతుంది. చల్లటి సోడాలోనే గ్యాసు నిలుస్తుంది కాబట్టి పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఐసు మనిషికి అరకిలో. ట్రేకి పావుకిలో ఐసు రావడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది కాబట్టి పని ముందురోజే మొదలవ్వాలి. గడ్డకట్టినవి కట్టినట్టు జిప్ కవర్లో వేసి మూసేస్తే రొయ్యల బెడద ఉండదు. ఓపిక లేకపోతే సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్టు కొనుక్కోవచ్చు. వైన్స్ పక్కన పర్మిట్ రూములో ప్లాస్టిక్ గ్లాసు, నీళ్లు, ఉల్లిపాయ పల్లీలు రెండు నిమిషాల్లో ముందుకొస్తాయి. అక్కడ ఎల్‌ఈడీ లేదు, పాపం.

షెల్ఫు సంగతి సరేసరి. సాయంత్రపు ఎండకు వేడెక్కే పడమటి గోడకు విస్కీలు. కొన్ని సీసాలను వైనులాగా పడుకోబెట్టారు, చూడముచ్చటగా ఉంటుందని. కార్కు నలభై శాతం ఆల్కహాలులో నాని చితికిపోయి, గ్లాసులో నూకల్లా తేలుతుంది. రెండేళ్ల కిందట తెరిచిన వెర్మూత్ అక్కడే ఉంది. అది వైను, తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి నెలా రెండు నెలల్లో తాగేయాలి. ఇప్పుడది పచ్చళ్లకు పనికొస్తుందేమో. నారింజ తొక్కల లిక్కర్, నీలం రంగు కురాసావ్ ఎందుకు కొన్నారో ఎవరికీ గుర్తులేదు. షేకర్ ఒక్కసారే వాడారు, అందులో సోడా పోసి ఊపారు. సీలింగు మీద మరక ఇంకా ఉంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. పదకొండున్నరకు ఒకాయన కారు తాళాలు పట్టుకుని లేస్తాడు. "అప్పుడేనా బావా, ఇంకొక్కటి" అని గ్లాసు నింపుతాడు ఇంటాయన. ఆ తర్వాత ఫోను తీసి, వాట్సాప్ గ్రూపు చూసి, "మెయిన్ రోడ్డు మీద చెకింగ్ ఉందట, లోపలి సందుల్లోంచి వెళ్లిపో" అని దారి చెబుతాడు. ఇదీ మర్యాద! రిమోటుతో పదహారు రంగులు మార్చడం వచ్చిన మనిషికి క్యాబు బుక్ చేయడం రాదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. సీసా మీద ఆల్కహాలు 42.8 శాతం అని రాసే ఉంటుంది. ఒక్క లార్జ్ అరగడానికి ఒంటికి రెండు గంటలకు పైనే పడుతుంది. వరసగా నాలుగు తాగినవాడు తెల్లారినా తాగినవాడే. పెరుగన్నం, నిమ్మరసం, బ్లాక్ కాఫీ, మొహం కడుక్కోవడం, వీటిలో ఏదీ దాన్ని ఒక్క చుక్క తగ్గించదు. పోలీసు లేని సందు చెప్పావయ్యా, ఆ సందులో మనుషులు లేరా? సెకండ్ షో చూసి నడిచొచ్చేవాళ్లు లేరా? చీకటితోనే రోడ్డు ఊడ్చే ఆవిడ లేదా? ఆవిడ ప్రాణం నీ ఇంకొక్క పెగ్గుకు నంజుడా?

తలుపు దగ్గర ఒక గిన్నె పెట్టి, మొదటి గ్లాసు చేతికిచ్చేటప్పుడే తాళాలు అందులో వేయించుకోవాలి. ఖాళీ సీసాలో మనీప్లాంటు పెట్టుకున్నారు చూడండి, అది పక్కకు జరిపితే గిన్నె సరిగ్గా పడుతుంది.